తరుగు

రాత్రి పదకొండున్నర.
యూనివర్సిటీ కంప్యూటర్ గదిలో
నేనూ, కిర్రుమనే ఫ్యానూ, జెర్మేనియం డెబ్బై ఆరూ.
కిటికీ అవతల ఇటుకలపల్లి దారిలో
ఖాళీ లారీ ఒకటి గొలుసులు మోగించుకుంటూ పోయింది.

ముప్పై రెండు ప్రోటాన్లు, నలభై నాలుగు న్యూట్రాన్లు.
జతలు జతలుగా ముడుచుకుని పడుకున్నాయి
చెనిక్కాయ లోపలి గింజల్లాగ.
ఒక్కటే మారి అవతలికి పోదామంటే
పక్కింటి ఆర్సెనిక్ గడప ఎత్తు, ఎక్కలేదు.
రెండూ ఒక్క ఊపున మారితే మాత్రం
ఆ గడపకవతల పల్లంలో సెలీనియం ఉంది.
అంతే కథ.
ఇంత చిన్న కథకు పట్టే కాలం
రెండు పక్కన ఇరవై ఒక్క సున్నాలు, ఏళ్ళలో.

ఆ కాలాన్ని కొలిచేది నేను కాదు.
కొలిచేవాళ్ళు ఏ దేశంలోనో కొండ కడుపులో
చలికోట్లు వేసుకుని కూచున్నారు.
నాది వట్టి లెక్క.
గడప తొక్కకుండా దాటిన ఆ దాటుకు
ఆర్సెనిక్ ఇంట్లోని గదులన్నీ తెరిచి చూడాలి,
ఎవరూ అడుగుపెట్టని ఇంటికి
ఇన్ని గదులెందుకో.
మొదటి గది ప్లస్సు, నాలుగో గది మైనస్సు,
ఒకటి పెట్టింది ఇంకొకటి తినేసి
తెల్లవారుజాముకు గోరంత మిగులుతుంది జవాబు.

ఇంకో రకం కూడా ఉందంటారు.
ఎలక్ట్రాన్లు రెండే బయటికొచ్చి
న్యూట్రినో ఒక్కటీ రాని రకం.
ఒకటి ఇచ్చినదాన్ని రెండోది లోపలే పుచ్చుకుంటుంది,
వీధికి తెలియని చేబదులు.
అందుకు న్యూట్రినో తనకు తానే ప్రతికణం కావాలి.
ఇంతవరకూ ఎవరూ చూడలేదు.
చూడనిదానికీ లెక్క కట్టాలి.
నా షెల్ మోడల్ మూడుకు లోపే ఆగుతుంది.
క్వాజీకణాల వాళ్ళది ఐదు.
బోసాన్ల వాళ్ళు ఇంకాస్త పైకి పోతారు.
రెండింతల తేడా వర్గమైతే
కొండ కింద కూచున్నవాళ్ళకు నాలుగింతల కాపు.

వాచ్‌మన్ ఎర్రిస్వామి ఫ్లాస్కు తెచ్చాడు.
"తేలిందా మేడం?"
"ముగ్గురం మూడు చెప్తున్నాం."
స్టూలు లాక్కుని కూచున్నాడు.
"మా కూడేరు చేన్లో గూడా అంతే.
టెంకాయ పట్టినాయప్ప ఈశాన్యం అన్న్యాడు.
యాపమండ ఆయప్ప బండకాడ అన్న్యాడు.
మిషనోడు ఇద్దరికీ నడాన సున్నం గీసినాడు.
నీళ్ళు లేవని మాత్రం ఒక్కడూ అన్లేదు మేడం,
తగువంతా లోతుకాడే."
"మరి?"
"ఏడునూర్ల అడుగులకు తెల్లదుమ్ము లేసె.
ఇంగో ముప్పై అడుగులు పోయింటే తెలుస్తాండె.
దుడ్లు అయిపాయ."

టీ చల్లారుతోంది.
నా లెక్క చివర ఒక అంకె ఉంది, ఆయనకు చూపించాను.
ఒంటరి న్యూట్రాన్ దగ్గర ఒకటి పాయింట్ రెండేడు.
కేంద్రకంలోకి తెచ్చాక మాత్రం
కాస్త కోస్తేగాని దేనితోనూ పొసగదు.
ఎందుకు కోయాలో మాకు సగమే తెలుసు.
"తరుగు" అన్నాడు వెంటనే.
"యార్డులో మూటకు రెండు కేజీలు కోస్తారు.
మన్నంటారు, తేమంటారు.
ఏ మూటలో ఎంత మన్నుండాదో
ఇప్పి చూసినోడు ఎవుడు?"

మా పేపర్లలో దీన్ని ఇంకా మర్యాదగా రాస్తాం.
అదేమీ చెప్పలేదు.
సున్నా పాయింట్ ఏడేడుతో గుణించి నడిపాను.
కొలతకు పక్కాగా వచ్చింది, రెండు న్యూట్రినోల రకానికి.
అంత పక్కాగా వచ్చినందుకే నాకు భయమేసింది.
ఇదే కోత ఆ రెండో రకానికీ చెల్లుతుందా?
చెల్లితే కొండ కింది వాళ్ళు ముసలివాళ్ళయిపోతారు.
చెల్లకపోతే నేను ఈ రాత్రంతా
ఎవరి మూటలో కోత కోసినట్టు?

కరెంటు పోయింది.
యూపీయస్ కూత మొదలెట్టింది, పదిహేను నిమిషాలు బతుకుతుంది.
తరుగు తీసేసి, మొదటి గది నుంచి
మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టాను.
ఎర్రిస్వామి లేచి వెళ్ళలేదు.
టార్చి కీబోర్డు మీదికి వంచి పట్టుకుని
"కానీండి మేడం" అన్నాడు,
"ఇంగో ముప్పై అడుగులు."